గట్టుమీది గొంగడి: చెన్నూరు గోదావరి తీరమున చేపలు పట్టువారి చలికాలపు పనిబట్టలు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

సంఘచరిత్ర వ్రాయునప్పుడు మన పూర్వికులు ఏమి నమ్మిరి, ఏమి పాడిరి, ఎక్కడ కూడుకొనిరి అని మనము వెదకుదుము. వారు ఏమి కట్టుకొని పనికి వెళ్లిరి అని అడుగుట అరుదు. ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దానిని అడుగకపోవుటవలన మనుష్యులను తప్పుగా అర్థము చేసికొను ప్రమాదమున్నది. ఆ తప్పు మేమే చేసియున్నాము గనుక ఈ వ్యాసమును అక్కడనుండియే ప్రారంభించుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రితము క్రిస్మసు దినములలో, మేము సేవ చేయుచున్న సంఘము గోదావరి గట్టున నివసించు కుటుంబములకు నూలు దుప్పట్లు పంచినది. ప్రార్థన ముగిసిన తరువాత చేపలు పట్టు ఒక వృద్ధుడు దుప్పటిని చేతితో తడిమి చూచి, "మంచిగనే ఉన్నది అయ్యగారూ, ఇంట్ల పండుకోను పనికొస్తది. నీళ్లలకెల్లి ఎల్లినోనికి మాత్రం ఇది కాదు, గొంగడి కావాలె" అనెను. ఆ మాటలో ఫిర్యాదు లేదు. తన పనిని గూర్చి మాకు తెలియని సంగతిని ఆయన మాకు నేర్పెను. అప్పటివరకు మేము చలికాలములో ఒంటిమీద బట్ట లేకుండ వల విసరు మనిషిని చూచి, "పాపము, బట్ట లేదు" అనియే తలంచితిమి. ఆ తలంపు ఎంతవరకు సరియైనది, ఎంతవరకు కాదు అనునది ఈ పరిశీలనలోని ముఖ్యాంశము.

1. స్థలము, కాలము

చెన్నూరు గోదావరి ఎడమ గట్టున ఉన్న పురాతన పట్టణము. తూర్పునకు ప్రవహించు గోదావరి ఇక్కడ కొంత దూరము ఉత్తర దిక్కుగా మళ్లును గనుక ఈ తీరమునకు ఉత్తరవాహిని అని పేరు. ఇక్కడి అగస్త్యేశ్వరాలయము ఈ పట్టణము ఎంత ప్రాచీనమైనదో తెలుపుచున్నది. మరికొంత దిగువన కాళేశ్వరమువద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. నిజాము రాజ్యములో 1905లో ఏర్పడిన ఆదిలాబాదు జిల్లాలో ఈ ప్రాంతము ఉండెను. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఇది మంచిర్యాల జిల్లాలో చేరినది. నదికి ఆవలి గట్టు పూర్వపు కరీంనగరు జిల్లా.

తెలుగు దేశమనగానే ఎండలు గుర్తుకు వచ్చును గాని, ఉత్తర తెలంగాణలో చలి స్వల్పమైనది కాదు. డిసెంబరు, జనవరి మాసములలో పాత ఆదిలాబాదు జిల్లా భూభాగములో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కంటె దిగువకు పడిపోవుట సాధారణము, కొన్ని సంవత్సరములలో 5 డిగ్రీల దరిదాపులకును వచ్చును. అడవి, నది, ఇసుక తిన్నెలు కలిసియున్న తీరమున తెల్లవారుజామున మంచు దట్టముగా దిగును. చేపలు పట్టువాని పని మొదలగునది ఆ వేళలోనే.

ఇక్కడ నదిమీద, చెరువులమీద జీవించినవారు బెస్తవారు. వారు తమ్మును గంగపుత్రులని పిలుచుకొందురు. చెరువులలోను వాగులలోను చేపలు పట్టు ముదిరాజులను ఈ ప్రాంతములో తెనుగువారు అని కూడ అందురు. బెస్తవారిలో ఒక భాగము పల్లకీలు మోయు బోయీలుగా పనిచేసినట్లు చరిత్రకు తెలియును. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటముల గ్రంథము మద్రాసు రాష్ట్రపు కులములను గూర్చియు, 1920లో వెలువడిన సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథము నిజాము రాజ్యపు కులములను గూర్చియు వ్రాయబడినవి. ఇట్టి గ్రంథములు వివాహ సంస్కారములకు, కులవిభాగములకు ఇచ్చిన స్థలము పనిబట్టకు ఇయ్యలేదు. కావున పనిబట్ట చరిత్రను వ్రాతలోకంటె వస్తువులలోను, పెద్దల జ్ఞాపకములోను, ఆ పనియొక్క స్వభావములోను ఎక్కువగా వెదకవలసియున్నది.

2. నాలుగు బట్టలు

పాతకాలపు చేపలు పట్టువాని చలికాలపు సామగ్రిని నాలుగు బట్టలుగా చెప్పవచ్చును.

మొదటిది గోచి. నీటిలో దిగువానికి ఇదియే బట్ట. కాళ్లకు చుట్టుకొనదు, వలకు తగులుకొనదు, నీటిని ఎక్కువగా పీల్చుకొనదు, త్వరగా ఆరును. మోకాళ్ల క్రిందికి దిగిన ధోవతి ప్రవాహములో నిలిచి విసురు వల వేయువానికి అపాయకరము.

రెండవది తలగుడ్డ, అనగా రుమాలు. తల ఆరియుండినంత కాలము మంచు కొంత ఓర్చుకొనవచ్చును. నీటిలోనుండి వచ్చినప్పుడు మొదట ఒళ్లు తుడుచుకొనుటకును, బరువు మోయునప్పుడు తలమీద కుదురుగా పెట్టుకొనుటకును ఇదే గుడ్డ. తెల్లవారకమునుపే గంప తలకెత్తుకొని అమ్మకమునకు బయలుదేరు స్త్రీకి చుట్టకుదురు అట్టిదే. తడిచేపల గంపనుండి కారు నీరు ఆమె మెడమీదికి, వీపుమీదికి దిగును. నది చలిని పురుషుడు తీరమున అనుభవించినయెడల, స్త్రీ అదే చలిని తలమీద పెట్టుకొని ఊరూర నడిచినది. పనిబట్టల చరిత్రలో ఆమెను మరచుట న్యాయము కాదు.

మూడవది బొంత. చిరిగిన చీరలు, ధోవతులు పొరలు పొరలుగా పరచి, దగ్గర దగ్గర కుట్లతో కలిపి కుట్టిన బట్ట ఇది. పొరల మధ్య నిలిచిన గాలి వెచ్చదనము నిచ్చును. బొంత ఇంటిలోనిది, పుట్టిలోనికో, ఇసుక తిన్నెమీదికో తీసికొని వెళ్లినయెడల మంచుకు బరువెక్కును.

నాలుగవది గొంగడి. ఇది బెస్తవారు చేసికొనినది కాదు, కురుమల చేతిపని. దక్కనీ జాతి గొఱ్ఱెల నల్లని ఊలును కత్తిరించి, ఏకి, స్త్రీలు వడికిన నూలును చింతగింజల గంజితో బిగువు చేసి, మగ్గముమీద నేసెదరు. ముతకగాను, గరుకుగాను ఉండును. దాని ఒక అంచును మడిచి, ముడివేసి, తలమీద కొప్పెవలె వేసికొనినయెడల తలనుండి మోకాళ్లవరకు ఒకే బట్ట కప్పును. వానలో గొడుగు, రాత్రి పరుపు, చలిలో కోటు, కూర్చుండుటకు చాప అన్నియు అదే. గొఱ్ఱెలకాపరియు, వ్యవసాయపు కూలియు, చేపలు పట్టువాడును ఒకే గొంగడి కప్పుకొనిరి. తెలంగాణ రైతాంగ పోరాట కాలములో (1946–51) గొంగడి పేదవాని గుర్తుగా నిలుచుటకు కారణమిదియే.

3. నీటిలో బట్ట లేకపోవుట, గట్టుమీద బట్ట ఉండుట

ఇప్పుడు మా మొదటి ప్రశ్నకు వత్తము. చలిలో నీటిలోనికి దిగువాడు బట్ట ఎందుకు విడిచెను?

నీరు గాలికంటె సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగివేయును. నూలుబట్ట తడిసినప్పుడు దాని పోగులమధ్య గాలి పోయి నీరు నిండును. అప్పుడది ఒంటిని కాపాడదు సరికదా, గట్టుమీదికి వచ్చిన తరువాత కూడ చలిని ఒంటికి అంటిపెట్టి ఉంచును. తెల్లవారుజామున నది నీరు గాలికంటె వెచ్చగా తోచునని తీరవాసులందరు ఎరుగుదురు. అసలు అపాయము నీటిలోనుండి బయటికి వచ్చిన క్షణమున ఉన్నది. ఒంటిమీది తడి గాలికి ఆరుచు ఒంటి వేడిని తీసికొనిపోవును. కావున తెలిసిన మనిషి చేయవలసినది ఒక్కటే. ఆరిన బట్టను గట్టుమీద ఉంచి, కనీసపు బట్టతో దిగి, పైకి వచ్చిన వెంటనే తుడుచుకొని ఆ బట్ట కప్పుకొనవలెను.

ఆ గట్టుమీది బట్ట ఊలుదే ఎందుకు కావలెను? ఊలు తన బరువులో సుమారు మూడవ వంతు తేమను పీల్చుకొనియు చేతికి తడిగా తోచదు. తేమను పీల్చునప్పుడు కొంత వేడిని విడుచును కూడ. తడిసినను దాని పోగుల వంపులు పూర్తిగా అణగిపోవు గనుక లోపల కొంత గాలి మిగులును. మంచులో కూర్చుని తడిచేతులతో వల దులుపుకొను మనిషికి ఇంతకంటె తగిన బట్ట పాతకాలములో లేదు. "నీళ్లలకెల్లి ఎల్లినోనికి గొంగడి కావాలె" అని ఆ వృద్ధుడు చెప్పిన మాటలో ఈ శాస్త్రమంతయు ఉన్నది.

ఈ విధముగా చూచినయెడల గొంగడి పనిచేయునప్పుడు వేసికొనని పనిబట్ట. పని మధ్యలో ఒంటికి ప్రాణమును తిరిగి తెచ్చు బట్ట. ఫోటోలో నీటిలోని మనిషిని మాత్రమే చూచువారికి గట్టుమీది గొంగడి కనబడదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఒంటిమీద బట్ట లేకపోవుటను ఎల్లప్పుడు తెలివిగా వర్ణించుట కూడ అసత్యమే. దొరల యెదుట నిలుచు కూలివాడు భుజముమీది బట్ట దించుకొనవలసిన కాలము తెలంగాణలో ఉండెను. వెట్టిలో బెస్తవాడు చేపలు ఇచ్చుటయు, కురుమ గొఱ్ఱెను ఇచ్చుటయు ఆ కాలపు కఠిన సత్యములు. దక్షిణమున తిరువాన్కూరులో నాడారు స్త్రీలు పైబట్ట వేసికొను హక్కుకొరకు దశాబ్దములు పోరాడిన తరువాతనే 1859లో రాజప్రకటన వెలువడినది. కావున పనివాడు తానే విడిచిన బట్ట వేరు, బలవంతులు విడిపించిన బట్ట వేరు. చరిత్రకారుడు ఈ రెంటిని కలిపివేయకూడదు. ఒకటి నేర్పు, మరియొకటి అవమానము.

4. ఇతర తీరములు

చెన్నూరు మనిషి కనుగొనిన పరిష్కారము ప్రపంచమందలి ఇతర తీరములతో పోల్చినప్పుడు మరింత స్పష్టమగును.

బ్రిటను తీరములలో, ముఖ్యముగా యార్క్‌షైరు, కార్న్‌వాల్, స్కాట్లాండు గ్రామములలో, 19వ శతాబ్దమున బిగువుగా వడికిన ఊలుతో కుట్లు లేకుండ అల్లిన గాన్సీ అను చొక్కాను మత్స్యకారులు ధరించిరి. ఐస్‌లాండులో గొఱ్ఱెతోలును చేప కాలేయపు నూనెతో నానబెట్టి పైదుస్తులు కుట్టుకొనిరి. నార్వేలో నావికుడైన హెల్లీ యూల్ హాన్సెన్ 1877లో అవిసెనూనె పట్టించిన నారబట్ట దుస్తులను తయారుచేయుట ప్రారంభించెను. జపానులో పాత నూలుబట్టల పొరలను దగ్గర కుట్లతో కుట్టిన దోంజా అను కోటు మత్స్యకారుల దుస్తు. దానిని చూచిన తెలంగాణ స్త్రీ "ఇది మా బొంతే కదా" అనక మానదు. చలి, పేదరికము, చేతి నేర్పు కలిసిన చోటనెల్ల మనుష్యులు ఇంచుమించు ఒకే మార్గమును కనుగొనిరి.

మనకు దగ్గరి సంబంధము మరియొకటి ఉన్నది. పత్తి, జనుము దారపు వలలు నీటిలో కుళ్లిపోకుండ తుమ్మచెక్క వంటి చెట్ల బెరడు కషాయములో వాటిని ఉడికించుట మన గ్రామములలో వాడుక. ఐరోపా మత్స్యకారులు మొదట ఓకు చెక్కను వాడి, 19వ శతాబ్దమునుండి బర్మా, భారతదేశముల అడవులనుండి వెళ్లిన కాచును వాడిరి. వలలనే గాక తెరచాపలను, పైచొక్కాలను కూడ దానిలో ముంచిరి. ఉత్తర సముద్రపు పడవలకు పేరు తెచ్చిన ఎఱ్ఱని తెరచాపల రంగు అదే. కాచు తీయు చండ్రచెట్టు ఆదిలాబాదు అడవులలోను పెరుగుచున్నది.

గాన్సీ అల్లికను గూర్చి ఒక కథ ప్రచారములో ఉన్నది. ప్రతి కుటుంబమునకు వేరు అల్లిక ఉండెననియు, మునిగిపోయినవాని శవమును దానివలన గుర్తుపట్టిరనియు చెప్పుదురు. ఐర్లండు ద్వీపములను గూర్చి 1904లో ప్రదర్శింపబడిన జాన్ మిల్లింగ్టన్ సింజ్ నాటకములో ఒక మేజోడు కుట్లవలన మృతుని గుర్తించు సన్నివేశమున్నది. కథ అక్కడనుండి పెరిగినదని పరిశోధకులు తలంచుదురు. కుటుంబమునకొక అల్లిక ఉండెననుటకు గట్టి సాక్ష్యము లేదు. ప్రసంగములలో కథలు వాడుకొను మనకు ఇది మంచి పాఠము. అందమైన కథ నిజమైన కథ అయి తీరవలెనని లేదు.

5. గలిలయ తీరమున పైబట్ట

మన పాఠకులకు పరిచయమైన మరియొక చేపల తీరమునకు ఈ వెలుగులో వెళ్లుదము. యోహాను సువార్త 21వ అధ్యాయములో పేతురు రాత్రియంతయు వల వేసి, తెల్లవారుచుండగా పైబట్ట వేసికొని నీటిలోనికి దుముకును. 7వ వచనములో గ్రీకు మూలము వాడిన "గుమ్నొస్" అను మాటను మన తెలుగు అనువాదము వస్త్రహీనుడని తెలిపినది. ఆ గ్రీకు మాటకు పూర్తి దిగంబరుడు అను అర్థమే గాక, పైబట్ట లేనివాడు, లోబట్టతో మాత్రమే ఉన్నవాడు అను అర్థమును కలదు. "ఎపెన్దుతేస్" అనగా ఇతర బట్టలమీద వేసికొను పైబట్ట.

ఈదబోవువాడు బట్ట విడుచును గాని వేసికొనడు కదా అని వ్యాఖ్యాతలు తికమకపడిరి. రేమండ్ బ్రౌన్ తన యోహాను వ్యాఖ్యానములో (1970) ఒక పరిష్కారము సూచించెను. పేతురు అప్పటికే పైబట్ట ధరించియుండెను, దానిక్రింద ఏమియు లేదు గనుక దానిని విడువక నడుమున బిగించుకొనెను అని దాని భావము. మూలములోని క్రియకు నడుము కట్టుకొనుట అను అర్థము ఉన్నందున ఇది ఆలోచింపదగినది. గౌరవనీయుని యెదుటికి బట్టతో వెళ్లవలెనను మర్యాద దీనికి కారణమని ఇతరులు చెప్పుదురు.

ఈ చర్చను తీర్చు అధికారము మాకు లేదు. గోదావరి గట్టు ఒక మాట మాత్రము చేర్చగలదు. తెల్లవారుజామున నీటిలో దిగు మనిషికి పైబట్ట అనునది గట్టుకు చేరిన తరువాతి క్షణముకొరకైనది. గలిలయ సముద్రము సముద్రమట్టమునకు 200 మీటర్లకు పైగా దిగువన ఉన్నను, అక్కడి చలికాలపు రాత్రులు చల్లనివే. తానే మత్స్యకారుడైన పరిశోధకుడు మెండెల్ నూన్, తబ్గా వద్దనున్న వెచ్చని ఊటల యొద్దకు చలికాలములో చేపలు గుంపులుగా చేరునని వ్రాసెను. యోహాను 18వ అధ్యాయములో చలిగా ఉన్నందున పేతురు బొగ్గుల మంటయొద్ద నిలిచెను. 21వ అధ్యాయములో గట్టుమీద మరియొక బొగ్గుల మంట అతనికొరకు సిద్ధముగా ఉన్నది. రెండు చోట్లను గ్రీకు మాట ఒకటే. మొదటిదానియొద్ద అతడు బొంకెను, రెండవదానియొద్ద క్షమింపబడెను. తడిసి వణకుచు గట్టెక్కిన మనిషికి మంటయు, ఆహారమును ఎట్టివో నదిమీద బ్రదుకువారు మనకంటె బాగుగా చెప్పగలరు.

నిర్గమకాండము 22వ అధ్యాయము, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము కూడ ఇక్కడ జ్ఞాపకమునకు వచ్చును. బీదవాని పైబట్టను తాకట్టుపెట్టుకొనినయెడల సూర్యాస్తమయమునకు ముందే తిరిగి ఇయ్యవలెను, ఏలయనగా పండుకొనుటకు అతనికి అదే ఆధారము. పగలు కోటు, రాత్రి పరుపు అయిన బట్ట ఎట్టిదో గొంగడిని ఎరిగినవారికి వివరింపనక్కరలేదు.

6. మార్పు

ఈ బట్టల లోకము ఒక తరములో మారిపోయినది. 1934లో వరంగల్లులో స్థాపింపబడిన ఆజంజాహి మిల్లు వంటి మిల్లుల బట్ట చేతిమగ్గపు బట్టకు పోటీ అయినది. తరువాత ఆ మిల్లు కూడ మూతపడినది. 20వ శతాబ్దపు రెండవ భాగములో నైలాను వలలు వచ్చినవి. అవి కుళ్లవు గనుక బెరడు కషాయముతో పని లేకపోయినది. చలికాలములో పట్టణములకు వచ్చు సంచార వర్తకుల యొద్ద కృత్రిమ నూలు స్వెట్టర్లు తక్కువ ధరకు దొరకినవి. అవి తేలికైనవి, త్వరగా ఆరును. ఆ లాభమును కాదనుట న్యాయము కాదు. అయితే మంటదగ్గర కూర్చుండువారికి వాటిలో అపాయమున్నది. ఊలు సులభముగా అంటుకొనదు, కృత్రిమ నూలు కరిగి ఒంటికి అంటుకొనును.

గొంగడికి మూలమైన దక్కనీ గొఱ్ఱె కూడ తగ్గిపోయినది. మాంసమునకు గిరాకి పెరిగిన కొలది ఊలు లేని నెల్లూరు జాతి గొఱ్ఱెలు మందలలో నిండినవి. 2017లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన గొఱ్ఱెల పంపిణీలో ఇరుగుపొరుగు రాష్ట్రములనుండి జీవములు తెప్పింపబడినవి. ఆ పథకపు ఉద్దేశము మాంసమే గాని ఊలు కాదు.

నది కూడ మారినది. కాళేశ్వరము పథకము 2019 జూనులో ప్రారంభింపబడగా, అన్నారము ఆనకట్ట వెనుక నీరు చెన్నూరు మండలపు తీరములవరకు నిలిచినది. ఇసుక తిన్నెలు, మడుగులు ఉన్న చోట లోతైన నీరు వచ్చినది. 2023 అక్టోబరులో మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు కుంగిన తరువాత నీటి నిలువ మరల మారినది. లోతు నీటిలో చలికంటె మునిగిపోవుట పెద్ద అపాయము. కావున నేటి చేపలు పట్టువానికి కావలసిన పనిబట్టలలో లైఫ్ జాకెట్టును మొదట చెప్పవలసియున్నది.

ముగింపు

ఈ పరిశీలనవలన మేము నేర్చుకొనినవి మూడు. మొదటిది, మనిషి ఒంటిమీద లేనిదానిని చూచి అతని లేమిని నిర్ణయింపకూడదు. అతడు గట్టుమీద ఏమి ఉంచెనో కూడ చూడవలెను. రెండవది, దానము చేయుటకు ముందు అడుగుట దానములో భాగమే. మరుసటి సంవత్సరము మా సంఘము ఇండ్లకు వెళ్లి అడిగినది. కొందరు గొంగడి కోరిరి, కొందరు స్వెట్టరు కోరిరి, ఒక తల్లి తన కుమారునికి లైఫ్ జాకెట్టు కోరెను. ఖర్చు పెరిగినది, పంచిన సంఖ్య తగ్గినది. గాని ఇచ్చినవి వాడబడినవి. మూడవది, ఈ జ్ఞానము పెద్దల నోట ఉన్నది, వారు వెళ్లిపోవుచున్నారు. గృహదర్శనములకు వెళ్లు యువకాపరులు, పరిశోధన అంశము వెదకు విద్యార్థులు, ప్రార్థన ముగిసిన తరువాత మరి పది నిమిషములు కూర్చుని, "చలికాలములో మీ నాయనగారు నదికి ఏమి కట్టుకొని వెళ్లెడివారు?" అని అడిగి వ్రాసికొనవలెనని మా మనవి.

మా ఇంటిలో ఇప్పుడొక గొంగడి ఉన్నది. ఆ వృద్ధుడు మరణించిన తరువాత వారి ఇంటివారు మాకు ఇచ్చిరి. అంచులు అరిగి, ఒక మూల మంటకు కమిలియున్నది. డిసెంబరు మాసములో తెల్లవారుజామున ప్రార్థనకు కూర్చుండునప్పుడు మేము దానినే కప్పుకొనుచున్నాము.